నాలుక ఉన్న గంట, నాలుక లేని గంట

క్యూబా మూలాలున్న నాట్యసంగీతం సల్సా వాయించే బృందంలో కౌబెల్ ఉంటుంది, ఆస్ట్రియా సంగీతకర్త గుస్తావ్ మాలర్ రాసిన సింఫొనీలోనూ ఉంటుంది. రెండు చోట్లా మూలవస్తువు ఒకటే: పశువు మెడలో కట్టడానికి చేసిన గంట. అది చేసే పని మాత్రం రెండు చోట్లా పూర్తిగా వేరు. సల్సాలో కౌబెల్ అందుకోగానే పాట నడక గట్టిపడుతుంది, అంతవరకూ తడబడుతున్న అడుగులు కూడా లెక్కలో పడతాయి. మాలర్ ఆరో సింఫొనీలో గంటలు వినిపించినప్పుడు జరిగేది దీనికి తలకిందులు. అప్పటిదాకా కవాతులా కదం తొక్కుతూ వచ్చిన సంగీతంలో లెక్క సడలిపోయి, కాలం నడుస్తోందో ఆగిందో తెలియని స్థితి వస్తుంది. ఒకే వస్తువు ఒకచోట లయను బిగించి పట్టుకోవడానికి, మరోచోట దాన్ని వదిలించుకోవడానికి ఎలా పనికివచ్చిందో అర్థం కావాలంటే గంట లోపల వేలాడే చిన్న ముక్కను, అంటే గంట నాలుకను గమనించాలి.

నాలుక ఉన్న గంటను మోగించేది పశువు. మెడ వంచి గడ్డి కొరికినప్పుడు ఒకలాగా, ఈగలు తోలుకోవడానికి తల విదిలించినప్పుడు ఇంకోలాగా, బెదిరి పరుగెత్తినప్పుడు మరోలాగా అది మోగుతుంది. ఆ మోతకు వరుస ఉండదు, తర్వాతి మోత ఎప్పుడో ముందుగా ఊహించడానికీ వీలుండదు. నాలుక తీసేసి, గంటను ఒక చేత పట్టుకుని రెండో చేత కర్రతో కొడితే, ఎప్పుడు మోగాలో, ఎంత గట్టిగా మోగాలో, ఎక్కడ ఆగాలో అంతా మనిషి అదుపులోకి వస్తుంది. క్యూబా సంగీతం ఈ రెండో దారి పట్టింది. ఐరోపా ఆర్కెస్ట్రా మొదట తెచ్చుకున్నది నాలుక ఉన్న గంటను. నాలుక లేనిది దానికి పరిచయం కావడానికి మరో పాతికేళ్లు పట్టింది.

చర్చి శిఖరంలో వేలాడే గంటకూ పశువుల గంటకూ తేడా తయారీలోనే మొదలవుతుంది. చర్చి గంటను కరిగించిన కంచును అచ్చులో పోసి చేస్తారు. పశువుల గంటల్లోనూ పోతపోసినవి ఉన్నాయి గాని, కౌబెల్ అనగానే చెవిలో మెదిలే ఆ గరుకు మోత రేకు గంటది. పోర్చుగల్‌లోని అలెంతేజు ప్రాంతంలో అల్కాసొవష్ అనే ఊరు రేకు గంటల తయారీకి పేరు పొందింది. ఆ దేశపు గంటల తయారీ విద్యను 2015లో యునెస్కో, తక్షణం కాపాడుకోవలసిన అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. అక్కడి పనివాడు ఇనుప రేకును కాల్చకుండానే సుత్తితో సాగగొట్టి, దాగలి మీద మడిచి గిన్నె ఆకారానికి తెస్తాడు. దాని చుట్టూ రాగి, తగరం ముక్కలు పేర్చి, మట్టీ గడ్డీ కలిపిన ముద్దతో మొత్తం కప్పేసి కొలిమిలో పెడతాడు. లోపలి ముక్కలు కరిగి ఇనుము మీద పూతలా పరుచుకుంటాయి. కాలిన ముద్దను చల్లటి నీళ్లలో ముంచి, మాడిన మట్టిని రాలగొట్టి, ఇనుమును మెరుగుపెట్టి, చివరగా మోతను సరిచేస్తాడు. దూరంనుంచి వింటూనే ఏ మంద ఎటు పోతోందో కాపరి పోల్చుకోగలగాలి గనుక ఆ చివరి పని అలంకారం కోసం చేసేది కాదు.

ఆకారంలోని తేడా ధ్వనిలో తేలికగా వినిపిస్తుంది. చర్చి గంట గుండ్రంగా, అంచు దగ్గర మందంగా ఉంటుంది. దానిలో మూలస్వరంతో పాటు పుట్టే ఉపస్వరాలు ఒకదానితో ఒకటి పొందేలా గంటలు పోసేవాళ్లు శతాబ్దాల అనుభవంతో మలుచుకుంటూ వచ్చారు. రేకు గంటకు చదునైన రెండు వెడల్పాటి ముఖాలు, ఇరుకైన రెండు పక్కలు ఉంటాయి. దెబ్బ పడినప్పుడు ఆ ముఖాలు పలకల్లా అదురుతాయి, ఆ అదురులో పుట్టే స్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలు అనే చక్కటి లెక్కకు లొంగవు. అందువల్ల కౌబెల్‌కు శ్రుతి ఉన్నట్టే తోస్తుంది గాని, ఫలానా స్వరమని తేల్చి చెప్పడం కష్టమవుతుంది. 1980లో జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రంలో కౌబెల్ మోతను విద్యుత్తుతో పుట్టించినప్పుడు, సుమారు 540 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 800 హెర్ట్జ్ దగ్గర ఒకటి చొప్పున రెండు చతురస్ర తరంగాలను కలిపి ఆ పని సాధించింది. వాటి నిష్పత్తి షడ్జమ పంచమాల నిష్పత్తికి దగ్గరగా వచ్చి, పూర్తిగా అందుకోకుండా కాస్త కిందనే ఆగుతుంది. ఆ యంత్రపు కౌబెల్‌లోని గరుకుదనంలో కొంత భాగం ఈ లోటునుంచి వచ్చినదే. అసలు గంటలోనూ ఇలాంటి పొందని స్వరాల కలయికే ఉంటుంది కాబట్టి, నాలుగు ట్రంపెట్లు ఒక్కసారిగా ఊదుతున్నా కౌబెల్ వాటిలో కలిసిపోదు, వాటిని చీల్చుకుని బయటికి వస్తుంది.

క్యూబా కౌబెల్‌ను స్పెయిన్ వలసదారులు తెచ్చిన పశువుల గంటగా మాత్రమే చూస్తే సగం చరిత్రే తెలుస్తుంది. దాని దేహం స్పెయిన్‌ది, అది చేసే పని ఆఫ్రికాది. పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాల్లో నాలుక లేని ఇనుప గంటలను కర్రతో కొట్టి వాయించే సంప్రదాయం చాలా పాతది. ఘనా, టోగో దేశాల్లోని ఎవే ప్రజల జంట గంట గంకోగుయి, యొరుబా ప్రజల అగోగో ఈ కుటుంబానికి చెందినవే. అగోగో పేరు మార్చుకోకుండానే బ్రెజిల్ చేరి అక్కడి సాంబాలో స్థిరపడింది. క్యూబాలో అబాకువా అనే రహస్య సోదర సమాజాల వాళ్లు తమ క్రతువుల్లో ఎకోన్ అనే ఇనుప గంటను వాయిస్తారు. గంట లేని చోట పొలం పనికి వాడే పార రేకునే గంటగా చేసుకున్నారు, గ్వతాక అనే పేరుతో అది కూడా ఆఫ్రో క్యూబన్ క్రతువుల వాద్యాల్లో చేరిపోయింది. బానిసత్వంలోకి ఈడ్చి తెచ్చిన మనుషులకు తమ గంటలను వెంట తెచ్చుకునే వీలు ఎక్కడిది? లయను మాత్రం తెచ్చుకున్నారు. చేతికి అందిన ఇనుములో దాన్ని మళ్లీ నిలబెట్టుకున్నారు. పశువుల గంటనుంచి నాలుక ఊడదీయడం ఆ పనిలో ఒక భాగం.

ఆ లయ ఎలాంటిదో ఒక ఉదాహరణతో చూడవచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో విస్తారంగా వినిపించే ఒక గంట వరుసను సంగీత పరిశోధకులు ప్రామాణిక వరుస అని పిలుస్తారు. అందులో 12 మాత్రల ఆవర్తానికి 7 దెబ్బలు పడతాయి. దెబ్బకూ దెబ్బకూ మధ్య దూరం వరుసగా రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి మాత్రలు. శంకరాభరణం ఆరోహణలో స్వరాల మధ్య ఉండే అంతరాలను అరస్వరాల్లో లెక్కపెట్టినా ఇదే వరుస వస్తుంది. శ్రుతిలో మెట్లు ఏ విధంగా అమిరాయో కాలంలో దెబ్బలు ఆ విధంగానే అమరడం, సంగీతం తెలిసినవాళ్లు కాసేపు ఆగి ఆలోచించదగ్గ విషయం. 7 దెబ్బలను 12 మాత్రల్లో వీలైనంత సమంగా పరచాలంటే వచ్చే అమరిక ఇదే కావడం దానికి కారణం. పూర్తి సమానత అసాధ్యం కాబట్టి ఈ వరుసలో ఎక్కడో ఒకచోట నడక కుంటుతుంది, ఆ కుంటుపాటు వల్లనే ఆవర్తంలో మనం ఎక్కడున్నామో చెవికి తెలుస్తుంది. ఎవే బృందంలో ప్రధాన డ్రమ్మరు ఎంత దూరం పోయి వాయించినా గంట మారదు. మిగతావాళ్లంతా తమ చోటును ఆ గంటను విని సరిచూసుకుంటారు.

క్యూబాలో ఈ బాధ్యతను అన్నిటికంటే స్పష్టంగా మోసేది క్లావె. రెండు గట్టి కర్రలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటూ 16 చిన్న మాత్రల్లో ఐదు దెబ్బలు వేస్తాయి. ఒక సగంలో మూడు, రెండో సగంలో రెండు. 1920ల నాటి సోన్ బృందాల్లో గిటారు, త్రెస్ అనే మూడు జతల తీగల వాద్యం, బాస్, బోంగో అనే చిన్న జంట డ్రమ్ములు, మరకాస్ అనే గిలకలు, ఈ క్లావె కర్రలు ఉండేవి, దశాబ్దం చివర్లో ట్రంపెట్ వచ్చి చేరింది. కౌబెల్‌కు బృందంలో స్థిరమైన చోటు దొరకడం వెనక అర్సేనియో రొద్రిగెస్ పేరు ముందుగా చెప్పుకోవాలి. ఆయన 1911లో మతాన్సాస్ ప్రాంతంలో, కాంగో సంతతి కుటుంబంలో పుట్టి, చిన్నతనంలోనే చూపు కోల్పోయి, త్రెస్ వాయించడంలో అసాధారణ ప్రతిభ చూపాడు. 1940 ప్రాంతంలో తన బృందంలోకి కొంగా అనే పొడవాటి డ్రమ్మును, పియానోను, అదనపు ట్రంపెట్లను తీసుకున్నాడు. వాద్యాలు పెరిగి మోత బరువెక్కినప్పుడు బోంగో చిటపటలు దానికి చాలవు. పాట వేడెక్కే భాగంలో బోంగో వాయించేవాడు కౌబెల్ అందుకోవడం ఆయన బృందాలతో ఒక పద్ధతిగా కుదురుకుంది, ఆ పద్ధతి ఇవాళ్టి సల్సా వరకూ చెక్కుచెదరలేదు.

ఆ మార్పు జరిగే క్షణాన్ని దగ్గరగా చూడాలి. పాట మొదటి భాగంలో గాయకుడు కథ చెబుతాడు, బోంగోలు వాయించేవాడి మోకాళ్ల మధ్య ఉండి గాయకుడి మాటల సందుల్లో అల్లుకుంటూ పోతాయి. టింబాలె అనే మరో జత డ్రమ్ములు వాయించేవాడు వాటి లోహపు పక్కల మీద కర్రతో పొడిగా, తక్కువ గొంతుతో కస్కర అనే వరుస వేస్తుంటాడు. తర్వాత మోంటూనో వస్తుంది, అంటే బృందగానం ఒకే చిన్న పల్లవిని మళ్లీ మళ్లీ అందుకుంటూ ఉంటే గాయకుడు దానిమీద ఆశువుగా కట్టుకుంటూ పోయే భాగం. ఆ మలుపులో బోంగోలు పక్కకు పోతాయి, గంట చేతికి వస్తుంది. అలవాటు లేని చేత్తో దాన్ని నోరు ముందుకు ఉండేలా అరచేతిలో పట్టుకుని, రెండో చేత్తో పొట్టిగా లావుగా ఉండే కర్రతో కొడతారు. నోటి అంచు మీద కొడితే తెరిచినట్టుండే మంద్రమైన మోత వస్తుంది; మూసుకున్న మెడ దగ్గర కొడితే పొడిగా, తారస్థాయిలో టక్కుమంటుంది. గంటను పట్టుకున్న చేతి వేళ్లను దానికి ఆనిస్తే మోత కట్టుబడుతుంది, వేళ్లు సడలిస్తే సాగుతుంది. నాలుగు లెక్కల్లో ఒకటో లెక్క మీద, మూడో లెక్క మీద నోటి అంచు మోగుతుంది, మధ్యలో మెడ దెబ్బలు నింపుతాయి. అదే క్షణంలో టింబాలె వాయించేవాడు కూడా డ్రమ్ముల పక్కలు వదిలి, స్టాండుకు బిగించిన తన గంటకు మారతాడు. అతను వేసే వరుస వేరు, అది క్లావెను అనుసరిస్తూ లెక్కల సందుల్లో పడుతుంది. రెండు గంటలు ఒకదాని ఖాళీల్లో ఒకటి దూరి అల్లుకుంటాయి. ఒక్కడే రెండు చేతులతో రెండూ వాయించే పద్ధతి కూడా ఉంది గాని, ఇద్దరు మనుషులు ఒకరినొకరు వింటూ వాయిస్తే వచ్చే పట్టు దానిలో రాదు.

బోంగో గంట ఒకటి, మూడు లెక్కల మీద అంత బాహాటంగా మోగడం పైకి చూస్తే చాలా సాధారణమైన విషయం. మిగతా బృందం ఏం చేస్తోందో విన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. సల్సాలో బాస్ తన బరువును ఒకటో లెక్క మీద వేయదు. నాలుగో లెక్క మీదే తర్వాతి ఆవర్తపు స్వరాన్ని పలికేసి, ఒకటో లెక్కను మౌనంగా దాటేస్తుంది. కొంగా తన తెరిచిన మోతలను నాలుగో లెక్క చుట్టూ వేస్తుంది. పియానో కూడా ఎక్కువగా లెక్కల సందుల్లోనే తిరుగుతుంది. అందరూ ముందుకు తూలుతున్న ఇలాంటి నడకలో నేల ఎక్కడుందో చెప్పేవాడు ఒకడు ఉండాలి, అది బోంగో గంట. తక్కినవాళ్లకు ఆ తూలే స్వేచ్ఛ దక్కుతున్నది గంట కదలకుండా నిలబడటం వల్లనే. కౌబెల్‌ను సులువైన వాద్యమని, చేతికి పనిలేనివాడికి ఇచ్చేదని అనుకోవడం కద్దు. మోంటూనోలో గంట ఒక్క వెంట్రుకవాసి తొందరపడితే మొత్తం బృందం తొందరపడుతుంది, వెనకబడితే అందరి కాళ్లూ బరువెక్కుతాయి. నిజానికి ఆ నాలుగైదు నిమిషాలపాటు బృందాన్ని నడిపేది గంట వాయించే చేయే.

1950ల మొదట్లో క్యూబా సంగీతకర్త ఎన్రికె హొర్రిన్ రూపుదిద్దిన చాచాచా అనే నాట్యసంగీతంలో గంట పని ఇంకా తేటపడింది. చిన్న గంట ఒకటి ప్రతి లెక్క మీదా ఒక్కొక్క దెబ్బ చొప్పున నడుస్తుంది, అడుగులు కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా దారి తప్పరు. న్యూయార్క్‌లో టిటో ప్వెంతె టింబాలెను బృందం వెనకనుంచి ముందుకు తెచ్చి, నిలబడి వాయించి, గంటల మోతను ఎల్లరి చూపుకూ కేంద్రం చేశాడు. క్యూబా మీద అమెరికా విధించిన వాణిజ్య నిషేధంతో ఆ దేశపు వాద్యాలు దిగుమతి కావడం ఆగిపోయాక, అమెరికాలోనే వాటిని తయారు చేయవలసివచ్చింది. మార్టిన్ కోహెన్ 1964లో స్థాపించిన లాటిన్ పర్కషన్ సంస్థ అలా పుట్టింది. దాని నల్లటి గంటలు ఇవాళ పాఠశాల బ్యాండ్లలో కూడా కనబడతాయి. నిపుణులైన వాద్యకారులు మాత్రం చేతితో మడిచి అతికిన గంటలను, ఒక్కొక్కటీ మోగించి చూసి ఎంచుకుని తీసుకోవడానికే ఇష్టపడుతూ వచ్చారు. బ్రాంక్స్‌లో కాలి రివేరా చేసిన గంటలకు సల్సా వాద్యకారుల్లో వచ్చిన పేరు ఆ ఇష్టంనుంచి వచ్చిందే.

ఆర్కెస్ట్రాలో కథ ఆల్ప్స్ పర్వతాల దగ్గర మొదలవుతుంది. వేసవిలో అక్కడ పశువులను ఎత్తయిన పచ్చిక బయళ్లకు తోలుతారు, లోయలో నడిచేవాళ్లకు మంద కనబడకపోయినా గంటలు వినబడతాయి. మాలర్ 1901నుంచి 1907 వరకూ వేసవులు ఆస్ట్రియాలోని మైయర్‌నిగ్‌లో, సరస్సు పక్కన అడవిలో కట్టించుకున్న చిన్న గదిలో పనిచేస్తూ గడిపాడు. 1903, 1904 వేసవుల్లో ఆరో సింఫొనీ అక్కడే రూపుదిద్దుకుని, 1906 మే 27న ఎస్సెన్ నగరంలో ఆయన నిర్వహణలోనే తొలిసారి వినిపించింది. దాని మొదటి భాగం కఠినమైన కవాతుతో మొదలవుతుంది. భాగం నడుమ ఆ కవాతు ఉన్నట్టుండి ఎటో పోతుంది. వయొలిన్లు పైస్థాయిలో వణుకుతూ నిలిచిపోతాయి, చిరుగంటల్లా మోగే మెట్ల వాద్యం చెలెస్టా మెల్లగా కొన్ని స్వరమేళనాలు పలుకుతుంది, వేదికకు ఆవలనుంచి మంద గంటలు వినిపిస్తాయి. కాసేపటికి కవాతు తిరిగి వచ్చి అంతటినీ తొక్కేస్తుంది. నెమ్మదిగా సాగే ఆందాంతె భాగంలో గంటలు వేదిక మీదికే వస్తాయి. అంతిమ భాగంలో మళ్లీ దూరమవుతాయి.

ఈ గంటలను ఎలా మోగించాలో మాలర్ స్కోరులోనే, అంటే స్వరపత్రంలోనే రాసిపెట్టాడు. మేస్తున్న మంద గంటలను నిజంలాగే అనుకరిస్తూ, దూరంనుంచి వస్తున్నట్టుగా, హెచ్చు స్థాయివీ తగ్గు స్థాయివీ ఒకసారి కలిసి, ఒకసారి విడివిడిగా, ఎంతో సంయమనంతో వినిపించాలని దాని సారాంశం. అయితే ఈ సూచన వాయించే పద్ధతికి సంబంధించిందే తప్ప కథ చెప్పడానికి ఉద్దేశించింది కాదని కూడా ఆయన వెంటనే జోడించాడు. పచ్చిక బయలు బొమ్మ గీయడం ఆయనకు అక్కర్లేదు. శిఖరం మీది ఏకాంతానికి భూమినుంచి చేరే చివరి పలకరింపుగా ఆయన ఈ గంటలను భావించినట్టు సమకాలికుల రాతలవల్ల తెలుస్తుంది. మనుషుల కవాతు చేరలేని ఎత్తునుంచి వింటే కింది ప్రపంచంలో మిగిలే ధ్వని అది. దానికి లెక్క ఉండకూడదు. లెక్క ఉంటే అది మళ్లీ కవాతులో భాగమైపోతుంది.

లెక్క లేకుండా మోగించడం ఆర్కెస్ట్రా తాళవాద్యకారులకు చాలా కష్టమైన పని. చిన్నప్పటినుంచి చేతులకు నేర్పిందంతా సమయానికి పడటమే. ఇద్దరు ముగ్గురు కలిసి గంటల గుత్తిని ఊపుతూ ఉంటే కొద్దిసేపట్లోనే వాళ్ల చేతులు తెలియకుండా ఒకే ఊపులోకి వచ్చేస్తాయి, మంద మాయమై ఎడ్లబండి వచ్చినట్టుంటుంది. అందుకే అనుభవజ్ఞులు ఒక్కొక్కరు వేర్వేరు దిక్కుల్లో మెల్లగా నడుస్తూ మోగించడం, కాసేపు పూర్తిగా ఊరుకుని తిరిగి అందుకోవడం వంటి పద్ధతులు పాటిస్తారు. గంటలు ఎక్కువయితే గోలవుతుంది, తక్కువయితే ఏదో జారిపడిన చప్పుడనిపిస్తుంది. మంచి ప్రదర్శనలో అవి మొదలైన క్షణాన్ని పట్టుకోలేం; మోగుతున్నాయని గుర్తించేసరికే కొంతసేపటినుంచి మోగుతూ ఉంటాయి.

ఇంత నాజూకు పనిని ఆనాటి వియన్నా ఎగతాళి చేసింది. 1907 జనవరిలో అక్కడ ఆరో సింఫొనీ వినిపించిన తర్వాత ఒక వారపత్రిక, వింత వాద్యాల గుట్ట ముందు తల పట్టుకున్న మాలర్‌ను బొమ్మ గీసి, మోటారు హారన్ ఒక్కటి మరిచిపోయానని ఆయన వాపోతున్నట్టు రాసింది. ఆ సింఫొనీలో భారీ సుత్తి దెబ్బలు ఉన్న మాట నిజమే. గంటల సంగతి వేరు, అవి వినబడీ వినబడనట్టు ఉండాలనే స్కోరు కోరుతుంది. 1908లో ప్రాగ్‌లో తొలిసారి వినిపించిన ఏడో సింఫొనీలోనూ మాలర్ వాటిని వదల్లేదు. రాత్రి సంగీతమని పేరుపెట్టిన రెండో భాగంలో కొమ్ము వాద్యాల పిలుపులకు, బదులు పిలుపులకు వెనక అవి దూరంగా మోగుతాయి. అంతిమ భాగంలో మాత్రం మొహమాటం విడిచి పట్టపగటి ఉత్సవంలో కలిసిపోతాయి.

జర్మన్ సంగీతకర్త రిచర్డ్ స్ట్రౌస్ దగ్గర గంటలు కథ చెప్పాలా వద్దా అనే సమస్యే లేదు. 1915 అక్టోబర్ 28న బెర్లిన్‌లో తొలిసారి వినిపించిన ఆల్పైన్ సింఫొనీ ఒక రోజు కొండెక్కి దిగిన కథ. దారిలో పచ్చిక బయలు వస్తుంది, అక్కడ మంద గంటలు మోగుతాయి, తర్వాత తుఫాను కోసం గాలి యంత్రం, ఉరుము యంత్రం ఉంటాయి. వర్ణన అద్భుతంగా ఉంటుంది, దానికి మించి గంటల మీద ఆయన ఏ భారమూ పెట్టలేదు. ఆస్ట్రియా సంగీతకర్త అంటోన్ వెబెర్న్ దీనికి పూర్తిగా ఎదుటి కొసన నిలుస్తాడు. 1911, 1913 మధ్య రాసిన, తన రచనల వరుసలో పదోదైన ఐదు ఆర్కెస్ట్రా ముక్కల్లో ఆయన మాండలిన్, గిటారు, చెలెస్టా, హార్మోనియం పక్కన మంద గంటలను ఉంచాడు. ఆ ముక్కల్లో ఒకటి ఆరే ఆవర్తాలు. అక్కడ గంట ఏ కొండనూ గుర్తు చేయదు. నిశ్శబ్దానికి ఒక్క మెట్టు పైన ఆగిన ధ్వనిగా, దాని రంగు కోసమే వినిపిస్తుంది. మాలర్ తన సూచనలో కోరిన దాన్ని అక్షరాలా నెరవేర్చింది వెబెర్నే అనవచ్చు.

నాలుక లేని గంటను కాగితం మీదికి ఎక్కించిన తొలివాళ్లలో క్యూబా సంగీతకర్త అమదేయో రోల్దాన్ ఒకడు. 1900లో పారిస్‌లో పుట్టి, హవానా ఫిల్‌హార్మోనిక్‌లో వయొలిన్ వాయించి, తర్వాత ఆ ఆర్కెస్ట్రాకే నిర్వాహకుడైన ఆయన, రిత్మిక అనే పేరుతో రాసిన రచనల వరుసలో 1930 నాటి ఐదో, ఆరో రచనలను పూర్తిగా తాళవాద్యాల కోసమే రాశాడు. కౌబెల్, క్లావె, బోంగో, మరకాస్, గుయిరో, గాడిద దవడ ఎముక వంటి క్యూబా వాద్యాలన్నీ అందులో తమ తమ వరుసలతో ఉన్నాయి. వీధిలో చూసి నేర్చుకునే విద్య అప్పుడు స్కోరులో చుక్కలుగా మారింది. ఫ్రాన్సులో పుట్టిన సంగీతకర్త ఎద్గార్ వరేజ్ రాసిన అయొనైజేషన్ 1931లో పూర్తయి, 1933 మార్చి 6న న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో నికొలస్ స్లొనిమ్‌స్కీ నిర్వహణలో వినిపించింది. 13 మంది తాళవాద్యకారులకు రాసిన ఆ రచనలో సైరన్ల పక్కన నాలుక లేని కౌబెల్ కూడా ఉంది. నాట్యంతో దానికి సంబంధం తెగిపోయింది, పదునైన ఒక లోహధ్వనిగా మాత్రమే మిగిలింది. రోల్దాన్ రచన ఇంతకు ముందుదైనా సంగీత చరిత్ర పుస్తకాల్లో వరేజ్ పేరే ముందు వస్తుంది. ఇది సవరించవలసిన విషయం.

1957 నాటి వెస్ట్ సైడ్ స్టోరీ అనే సంగీత నాటకంలో అమెరికా సంగీతకర్త లియొనార్డ్ బెర్న్‌స్టైన్ న్యూయార్క్ వీధుల మాంబోను, అంటే క్యూబానుంచి వచ్చిన మరో నాట్యసంగీతాన్ని తీసుకున్నాడు. 1961లో దాని సింఫొనిక్ డాన్సెస్ కచేరీ రూపంగా వచ్చినప్పుడు కౌబెల్ పూర్తి గొంతుతో, తన అసలు పనితో ఆర్కెస్ట్రాలోకి ప్రవేశించింది. అక్కడ కండక్టర్‌కు ఒక చిక్కు ఎదురవుతుంది. సింఫొనీ సంప్రదాయంలో కాలం ఆయన చేతి కర్రది. మాంబోలో గంట మోగుతుండగా తొంభైమంది చెవులు సహజంగా గంట వైపు తిరుగుతాయి. కర్రకూ గంటకూ పొత్తు కుదరకపోతే రెండూ విరిగిపోతాయి. 2007 ఆగస్టులో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవం వేదిక మీద గుస్తావో దుదమెల్ నడిపిన వెనెజ్వెలా సిమోన్ బొలీవార్ యువ ఆర్కెస్ట్రా ఈ భాగాన్ని వాయించినప్పుడు హాలంతా ఊగిపోయింది. ఆ పిల్లలు గంటను లెక్కపెట్టుకుని వాయించలేదు, దాన్ని వింటూ పెరిగినవాళ్లలా వాయించారు. ఐరోపా ఆర్కెస్ట్రాలు అదే స్వరపత్రాన్ని తప్పులేకుండా వాయించినా తరచూ బరువుగా వినిపించడానికి కారణం, ప్రతి దెబ్బనూ సమానంగా కొట్టడమే. నోటి దెబ్బ నిలవాలి, మెడ దెబ్బ తేలిపోవాలి. స్కోరులో రెండూ ఒకే పొడవున్న స్వరాలుగా కనిపిస్తాయి.

ఫ్రెంచి సంగీతకర్త ఒలీవియే మెస్సియాన్ దగ్గర గంట మూడో అవతారం ఎత్తింది. 1960ల రచనల్లో ఆయన శ్రుతి కుదిర్చిన కౌబెల్‌లను, పియానో మెట్లలా వరుసగా వేలాడదీసిన సెట్లను వాడాడు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల స్మృతికోసం ఫ్రెంచి ప్రభుత్వం తరఫున సాంస్కృతిక మంత్రి ఆంద్రె మాల్రో రాయమన్న రచన 1965లో మొదట పారిస్‌లోని సెంత్ షపెల్‌లో, తర్వాత షార్త్ర్ కెథడ్రల్‌లో వినిపించింది. అందులో తీగ వాద్యాలు అసలే లేవు, ఊదే వాద్యాలూ లోహపు తాళవాద్యాలూ మాత్రమే. ముగ్గురు మూడు సెట్ల గంటల మీద స్వరమేళనాలు పలికిస్తారు. లయ విషయంలో మెస్సియాన్‌కు భారతీయ సంగీతశాస్త్రంతో ఉన్న అనుబంధం లోతైనది. దేవగిరిలో 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరంలోని 120 దేశీ తాళాల పట్టికను ఆయన యవ్వనంలోనే ఒక ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో చూసి, జీవితాంతం తన రచనల్లో వాటిని వాడుకున్నాడు. తెలుగునాట ఆ గ్రంథానికి రాచకొండ రాజు సింగభూపాలుడు సంగీతసుధాకరమనే వ్యాఖ్యానం రాశాడన్నది సంగీతశాస్త్రం చదివేవాళ్లకు తెలిసిన సంగతే. ఆ తాళాలు ఫ్రాన్సు కెథడ్రల్ రాతిగోడల మధ్య పశువుల గంటల పక్కకు వచ్చి చేరడం సంగీత చరిత్రలో ఎంతో ఇష్టంగా చెప్పుకోదగ్గ మజిలీ.

శ్రుతి కుదిర్చిన గంటలు సులువుగా దొరకడం మొదలయ్యాక ఒక ఇబ్బంది కూడా వచ్చింది. మెస్సియాన్ కోసం కొన్న సెట్‌నే మాలర్‌కూ వాడేస్తున్నారు, గోడౌన్లో వేరే గంటలు ఉంచుకోవడం ఖర్చు గనుక. అలా చేసినప్పుడు ఆరో సింఫొనీలో చెలెస్టా పలికే స్వరమేళనాల పక్కన ఈ గంటల కచ్చితమైన స్వరాలు కూడా స్వరమేళనంలో భాగాలైపోతాయి. దూరంలో ఉండాల్సిన మంద వచ్చి ఆర్కెస్ట్రాలో కూర్చుంటుంది. ఆల్ప్స్ పల్లెల్లో నిజంగా పశువుల మెడల్లో వేలాడిన గంటలను, ఏవీ ఒకదానితో ఒకటి శ్రుతి కలవనివాటిని, నాలుకలతో సహా సేకరించి ఉంచుకున్న ఆర్కెస్ట్రాలు ఉన్నాయి. మాలర్‌కు వాటిని వాడటమే సరైన పద్ధతి. బెర్న్‌స్టైన్‌కు ఆ గంటలు పనికిరావు. నల్లటి రేకు గంట ఒకటి, లావుపాటి కర్ర ఒకటి, మోంటూనో విని పెరిగిన చెవి ఉన్న మనిషి ఒకరు అక్కడ కావాలి.